ఫ్రీడైవింగ్ మీద అచ్చుపత్రిక: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

గాలి సిలిండరు లేకుండా, పీల్చుకున్న ఒక్క ఊపిరితోనే సముద్రంలోకి దిగి పైకి వచ్చే క్రీడను ఫ్రీడైవింగ్ అంటారు. ఈ క్రీడ కోసం మిత్రులతో కలిసి ఆంగ్లంలో ఒక త్రైమాసిక పత్రికను అచ్చులో తేవాలనుకుంటున్న విశాఖపట్నం పాఠకుడొకరి ఉత్తరాన్ని గత సంచికలో ప్రచురించాము. దానిని చదివిన మరికొందరు కూడా ప్రశ్నలు పంపారు. అన్నిటికీ ఈసారి కలిపి సమాధానమిస్తున్నాము.

ప్రశ్న: మేము ముగ్గురం అండమాన్‌లో ఫ్రీడైవింగ్ నేర్చుకున్నాము. మన దేశంలోను, విదేశాలలోను ఉన్న డైవర్ల కోసం ఒక త్రైమాసిక పత్రికను ప్రకటనల ఆదాయంతో నడపవచ్చునని మా అంచనా. ఈ రోజుల్లో అచ్చుపత్రిక ఎవరు కొంటారని తెలిసినవారందరూ నవ్వుతున్నారు. ఇటువంటి పత్రికకు పాఠకులుంటారా? ఉంటే అది ఆర్థికంగా నిలబడుతుందా? — ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఇవి రెండు వేరువేరు ప్రశ్నలు. పాఠకులుంటారా అన్నదానికి మా జవాబు ఉంటారనే. నిలబడుతుందా అన్నదానికి మాత్రం, మీరు అనుకుంటున్న పద్ధతిలో అయితే నిలబడదని చెప్పక తప్పదు.

పాఠకులుంటారని ఎందుకంటున్నామో ముందుగా చెబుతాము. ఫ్రీడైవర్ నీటి కింద గడిపే సమయం చాలా తక్కువ. ఒక్కో డైవ్ సాధారణంగా రెండు మూడు నిమిషాలకు మించదు. రెండు డైవ్‌ల మధ్య అంతకంటే ఎక్కువసేపు పైన తేలుతూ విశ్రాంతి తీసుకోవాలి. పైగా నేర్చుకున్నవారిలో చాలామంది సముద్రానికి దూరంగా, హైదరాబాదు, బెంగళూరు వంటి నగరాలలో ఉంటూ ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే అండమాన్‌కో ఈజిప్టులోని దహబ్‌కో వెళ్లివస్తుంటారు. మిగిలిన కాలమంతా ఈత కొలనులో సాధన, ఇంట్లో శ్వాస వ్యాయామం, చెవులలో ఒత్తిడి సరిచేసుకునే అభ్యాసం, వాటి గురించిన ఆలోచనతోనే గడుస్తుంది. అంటే ఈ క్రీడలో అధికభాగం ఒడ్డునే జరుగుతుంది. అటువంటివారికి చదివే తీరికా ఉంటుంది, ఆకలీ ఉంటుంది. ఆ ఆకలిని ఫోనులో కనిపించే అర నిమిషం వీడియోలు తీర్చడం లేదన్నది మీ అనుభవంలోనూ ఉండి ఉంటుంది. లేకపోతే మీకు ఈ ఆలోచనే వచ్చేది కాదు.

ఇక డబ్బు సంగతి. క్రీడాపత్రికలను ఇంతకాలం పోషించినది చాలావరకు పరికరాలు, ప్రయాణాలు అమ్మే సంస్థల ప్రకటనలే. సిలిండరుతో దిగే స్కూబా డైవర్‌కు సిలిండరు గాలిని నోటికి అందించే రెగ్యులేటరు, తేలడాన్ని అదుపు చేసే జాకెట్టు, డైవ్ కంప్యూటరు కావాలి. సిలిండర్లు నింపే కంప్రెసర్లున్న కేంద్రం, పడవ, రిసార్టు కావాలి. ప్రతిదాని వెనుకా ఒక ప్రకటనదారు ఉంటాడు. ఫ్రీడైవర్‌కు కావలసినవి మాస్కు, స్నార్కెల్, కాళ్లకు తొడుక్కునే పొడవాటి ఫిన్స్ (రెక్కలు), చలిని ఆపే వెట్‌సూట్, బరువుల బెల్టు, తాడుకు తగిలించుకునే లాన్యార్డ్, చేతి గడియారం. ఇవీ ఒకసారి కొంటే చాలా ఏళ్లు మన్నుతాయి. చదివేందుకు తీరిక పుష్కలంగా ఉండి, కొనేందుకు వస్తువులు బహుకొద్దిగా ఉన్న క్రీడ ఇది. మంచి పాఠకులు, బీద ప్రకటనదారులు అన్నమాట. మీ ప్రణాళికలో ఈ లెక్క తలకిందులైంది.

చరిత్రలో దీనికి తార్కాణముంది. డైవింగ్ పత్రికలలో అత్యంత ప్రసిద్ధమైన ‘స్కిన్ డైవర్’ 1951 డిసెంబరులో అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టింది. దానిని ప్రారంభించిన ఇద్దరూ ఊపిరి బిగబట్టి నీటి కింద ఈటెలతో చేపలను వేటాడేవారు. తొలి పాఠకులూ అటువంటివారే. ఆ తరువాత సిలిండరుతో దిగే పరికరాల వ్యాపారం పెరిగింది, ప్రకటనలు అటునుంచి వచ్చాయి, పత్రిక కూడా అటే జరిగింది. 1963లో అది ఒక పెద్ద ప్రచురణ సంస్థ చేతికి వెళ్లి, స్కూబా ప్రపంచానికి పెద్దదిక్కుగా వెలిగి, 2002లో మూతపడింది. అందులో ఎవరి కుట్రా లేదు. డబ్బు ఎక్కడనుంచి వస్తుందో పత్రిక దృష్టి క్రమంగా అటే మళ్లుతుంది. మీరు కూడా ప్రకటనల మీద ఆధారపడితే, మూడో సంచిక నాటికి మీ పత్రికలో రిసార్టుల విశేషాలు, గడియారాల సమీక్షలు నిండిపోయి, ఫ్రీడైవింగ్ కోసం చందా కట్టినవారు నొచ్చుకుంటారు.

దీనికి ఎదురు ఉదాహరణ కెరటాల మీద స్వారీ చేసే సర్ఫింగ్ క్రీడలో ఉంది. 1960లో మొదలైన ‘సర్ఫర్’ మాసపత్రికకు ఒకప్పుడు ప్రచురణకర్తగా ఉన్న స్టీవ్ పెజ్‌మన్, ఆయన భార్య డెబీ కలిసి 1992లో ‘ద సర్ఫర్స్ జర్నల్’ అనే పత్రికను ప్రారంభించారు. మంచి కాగితం, పెద్ద ఛాయాచిత్రాలు, దీర్ఘవ్యాసాలు, హెచ్చు ధర, చాలా కొద్దిమంది ప్రకటనదారులు, ఖర్చును ప్రధానంగా పాఠకుడే భరించడం దాని పద్ధతి. ప్రకటనలతో బతికిన ‘సర్ఫింగ్’ పత్రిక 2017లో, ‘సర్ఫర్’ 2020లో ఆగిపోయాయి. పెజ్‌మన్ దంపతుల పత్రిక మాత్రం వాటి తరువాత కూడా వెలువడుతూనే ఉంది. అయితే సర్ఫర్ల సంఖ్య ఫ్రీడైవర్ల సంఖ్యకు ఎన్నో రెట్లు ఉంటుంది కాబట్టి, ఆ పద్ధతిని తీసుకోవచ్చునేగాని ఆ స్థాయిని ఆశించకూడదు.

కాబట్టి మా సలహా ఇది: త్రైమాసికం వద్దు. ఏడాదికి ఒకే సంచిక, 150 పుటలకు తగ్గకుండా, పుస్తకంలా దాచుకోదగ్గదిగా తయారుచేయండి. ముందు చందాలు సేకరించి, ఆ చందాల సంఖ్యను బట్టి ప్రతులు అచ్చువేయండి. ముగ్గురు మిత్రులు ఉద్యోగాలు చేసుకుంటూ ఏడాదికి నాలుగు సంచికలు తేవడం ఎంత కష్టమో, ఒక సంచిక తెచ్చాక మీకే తెలుస్తుంది. ఆరంభశూరత్వమనే నింద మనవారికి ఎటూ ఉన్నదే. దానికి మరో ఉదాహరణ చేర్చవద్దు.

ఒక ఊహాలెక్క చూడండి. అంకెలు కేవలం నమూనా కోసమే. వాటి స్థానంలో మీ ప్రెస్సువారు చెప్పే ధరలు వేసుకోండి. 1,000 ప్రతుల ముద్రణకు రూ.2,50,000, రచయితలకు, ఛాయాచిత్రకారులకు రూ.1,50,000, వెరసి రూ.4,00,000 ఖర్చయిందనుకుందాం. ధర రూ.600. చందాదారుకు నేరుగా పంపితే, తపాలా, ప్యాకింగు కింద రూ.60 పోగా రూ.540 మిగులుతుంది, అప్పుడు 741 ప్రతులు అమ్ముడైతే ఖర్చు వస్తుంది. అదే దుకాణాల ద్వారా 40 శాతం కమీషన్‌తో అమ్మితే ప్రతికి వచ్చేది రూ.360, ఖర్చు రావాలంటే 1,112 ప్రతులు అమ్మాలి. అచ్చువేసినవే వెయ్యి! అమ్ముడుపోక తిరిగివచ్చే ప్రతులను ఇంకా లెక్కలోకి తీసుకోనేలేదు. దుకాణంలో కనిపిస్తే గౌరవమని ఆశపడితే అసలుకే మోసం వస్తుంది.

ప్రశ్న: పోటీలను ఇప్పుడు ప్రత్యక్షంగా చూస్తున్నాము. తాడు వెంబడి దిగే కెమెరాలు డైవర్‌ను అడుగంటా చూపిస్తున్నాయి. 1996 నుంచే ‘డీపర్‌బ్లూ’ వంటివి ఇంటర్నెట్‌లో ఈ వార్తలన్నీ ఇస్తున్నాయి. ఇక ఏడాదికొకసారి వచ్చే అచ్చుపత్రికలో రాయడానికి ఏముంటుంది? — ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: వార్త ఉండదు, ఉండకూడదు కూడా. రికార్డుల పట్టిక అచ్చయ్యేలోగా పాతబడుతుంది. అయితే ఆ అంకెల అర్థాన్ని విడమరచి చెప్పే చోటు ఇప్పటికీ దాదాపు ఖాళీగానే ఉంది. ఫ్రెంచి డైవర్ జాక్ మేయోల్ 1976లో ఎల్బా దీవి దగ్గర 100 మీటర్లకు చేరాడు. ఆస్ట్రియాకు చెందిన హెర్బర్ట్ నిట్ష్ 2007లో గ్రీసులో 214 మీటర్లకు దిగాడు. న్యూజీలాండ్‌కు చెందిన విలియం ట్రూబ్రిడ్జ్ 2016లో బహామాస్‌లోని డీన్స్ బ్లూ హోల్ అనే లోతైన సముద్రపు గోతిలో 102 మీటర్లకు వెళ్లివచ్చాడు. ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే ట్రూబ్రిడ్జ్ సాధించినది చిన్నదిగా కనిపిస్తుంది. కాని మొదటి ఇద్దరినీ తాడు వెంట జారే బరువైన స్లెడ్ కిందికి తీసుకుపోయింది, పైకి తేవడానికి గాలితో తేలే సాధనం ఉంది. ట్రూబ్రిడ్జ్ ఫిన్స్ కూడా లేకుండా, తాడును పట్టుకుని లాగకుండా, కేవలం కాళ్లూ చేతులతో ఈదుతూ దిగి, ఈదుతూనే పైకి వచ్చాడు. ఈ తేడా తెలియని పాఠకుడికి అంకె ఒట్టి అంకెగానే మిగిలిపోతుంది.

మాకు ఇంతకంటే ఆసక్తికరంగా కనిపించేవి పోటీలతో సంబంధం లేని కథలు. పొట్టకూటి కోసం ఊపిరి బిగబట్టినవారి చరిత్ర ఈ క్రీడ కంటే ఎంతో పాతది, ఎంతో పెద్దది. దక్షిణ కొరియాలోని జెజు దీవిలో నత్తగుల్లలు, సముద్రపు నాచు ఏరే హెన్యో స్త్రీల సంప్రదాయాన్ని యునెస్కో 2016లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. వారిలో అత్యధికులు 60 ఏళ్లు దాటినవారే. 1970లలో రబ్బరు వెట్‌సూట్లు వచ్చాక చలి బాధ తగ్గి, వారు నీటిలో పనిచేసే గంటలు పెరిగాయి. దానితో రాబడి పెరిగింది, శరీరాల అరుగుదలా పెరిగింది. ఒక పరికరం ఒక వృత్తిని ఎలా మార్చిందో చెప్పే దీర్ఘవ్యాసం దీనిలో ఉంది. ఆగ్నేయాసియాలోని బజావు జాతివారి ప్లీహం పొరుగున వ్యవసాయం చేసుకునేవారి ప్లీహం కంటే సుమారు 50 శాతం పెద్దదని 2018లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. మునిగినప్పుడు ప్లీహం ముడుచుకుని, దాచుకున్న ఎర్ర రక్తకణాలను రక్తంలోకి వదులుతుంది. అంటే వారికి అదనపు ప్రాణవాయువు శరీరంలోనే నిల్వ ఉంటుంది. ఈ విషయాన్ని బొమ్మలతో, శాస్త్రజ్ఞుల సంభాషణతో ఆరేడు పుటలలో చెప్పవచ్చు.

మన దగ్గరి సంగతి కూడా ఉంది. మన్నారు సింధుశాఖలో తూత్తుకుడి తీరాన ముత్యపుచిప్పల కోసం, శంఖాల కోసం తరతరాలుగా మనుషులు ఊపిరి బిగబట్టి మునిగారు. ముత్యాల వేటలో డైవర్ కాలికి బరువైన రాయి ఆసరాగా వేగంగా అడుగుకు చేరేవాడు. చిప్పలు ఏరి సంచిలో వేశాక, పడవ మీదివారు తాడుతో పైకి లాగేవారు. పైన చెప్పిన స్లెడ్‌కు ఇది తాతవంటిది. ఆ తీరాల ముత్యాల గురించి, శంఖాల గురించి జేమ్స్ హార్నెల్ అనే ఆంగ్ల సముద్రజీవ శాస్త్రజ్ఞుడు 20వ శతాబ్దపు తొలి దశకాలలో వివరంగా రాశాడు. తరువాతి కాలంలో ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ మత్స్యశాఖకు అధిపతి కూడా అయ్యాడు. రామేశ్వరం ప్రాంతంలో సముద్రపు నాచు ఏరే స్త్రీలు నేటికీ ఊపిరి బిగబట్టే మునుగుతున్నారు. దహబ్ గురించి, బహామాస్ గురించి ప్రపంచమంతా రాస్తోంది. రామేశ్వరం స్త్రీల గురించి, వారి చెవినొప్పి గురించి, వారి కూలి గురించి ఒక ఫ్రీడైవింగ్ పత్రిక తప్ప ఇంత శ్రద్ధగా ఎవరు రాస్తారు? మొదటి సంచికకు ముఖచిత్ర కథనం ఏది పెట్టాలని విశాఖ మిత్రులు మమ్మల్ని అడిగితే, మేము చూపేది ఇదే.

శాస్త్రమూ, సాహసమూ కలిసిన పాత సంఘటనలు కూడా పుష్కలంగా ఉన్నాయి. 1949లో ఇటలీలోని కాప్రి దగ్గర రైమొండో బుకెర్ పందెం కాసి 30 మీటర్లకు దిగినప్పుడు, అంత లోతులో ఒత్తిడికి ఛాతీ నలిగిపోతుందన్న అభిప్రాయం నిపుణులలో ఉండేది. అలా ఎందుకు జరగలేదన్నది 1960ల చివర అమెరికా నౌకాదళానికి చెందిన బాబ్ క్రాఫ్ట్ మీద జరిపిన పరీక్షలలో తేలింది: లోతుకు వెళ్లేకొద్దీ కాళ్లూ చేతుల నుంచి రక్తం ఛాతీలోకి చేరి, కుంచించుకుపోతున్న ఊపిరితిత్తుల చోటును నింపుతుంది.

ప్రశ్న: ఇదే సమాచారాన్ని పీడీఎఫ్‌గా ఉచితంగా ఇస్తే ఎక్కువమంది చదువుతారు కదా? — ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: ఎక్కువమంది దించుకుంటారు, చదివేవారు తక్కువ. ఉచితమైనదానికి రచయితలకు ఇవ్వడానికి డబ్బు ఉండదు, రెండో సంచిక నాటికి రాసేవారే ఉండరు. అచ్చుసంచిక వెలువడిన ఏడాదికి అందులోని పాత వ్యాసాలను ఇంటర్నెట్‌లో పెడితే అందరికీ అందుతాయి.

ప్రశ్న: నేను నీటి కింద ఛాయాచిత్రాలు తీస్తాను. నా చిత్రాలు తెర మీద బాగుంటాయి గాని, అచ్చులో నీలం ఊదారంగుకు తిరిగి, నీడలు నల్లగా ముద్దకట్టాయి. ఫ్రీడైవింగ్ పత్రికలో ప్రతి పుటా నీలమే కదా, దీనికి ఉపాయముందా? — ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: చాలా పనికివచ్చే ప్రశ్న. ఇటువంటి పత్రిక తీసుకురావాలనుకునేవారు అందరికంటే ముందు ఆలోచించవలసినది ఇదే, ఎందుకంటే చూడగానే మనసు దోచే చిత్రాలు లేకపోతే అంత ధర పెట్టి ఎవరూ కొనరు.

తెర వెలుగుతో రంగు చూపిస్తుంది. కాగితం నాలుగు సిరాలతో, అంటే సయాన్, మెజెంటా, పసుపు, నలుపులతో చూపిస్తుంది. తెర మీద మెరిసే గాఢనీలం ఈ నాలుగు సిరాల కలయికకు అందని రంగు. దానిని యంత్రానికి వదిలేస్తే, సయాన్‌తో పాటు మెజెంటాను కూడా దాదాపు అంతే మోతాదులో వేసి సరిపెడుతుంది. ఫలితంగా నీలం ఊదాగా మారుతుంది. సయాన్ 100 శాతం ఉన్నచోట మెజెంటాను 70 శాతానికి మించనీయకుండా సరిదిద్దుకోవడం ప్రెస్సువారందరికీ తెలిసిన సూత్రం. దానిని వారు తమంత తాము చేయరు. మీరు అడిగి చేయించుకోవాలి. ముఖచిత్రానికి మాత్రం ఖర్చుకు వెనుకాడకుండా ఐదో రంగుగా ప్రత్యేకంగా కలిపిన నీలం సిరా వేయించండి.

రెండో సమస్య సిరా బరువు. నాలుగు రంగుల మోతాదుల మొత్తం ఆర్ట్ పేపరు మీద సుమారు 300 శాతం, న్యూస్‌ప్రింట్ మీద సుమారు 240 శాతం దాటకూడదు. లోతైన నీటి చిత్రంలో నీడలు ఆ హద్దును సులభంగా దాటిపోతాయి. అప్పుడు సిరా ఆరక, ఒక అచ్చుకాగితం రంగు మరో కాగితానికి అంటుకుంటుంది. నీడలోని వివరమంతా ముద్దవుతుంది. చిత్రం చీకటిగా ఉన్నప్పుడు దానిని తెర మీద చూసినదానికంటే కొంత తేటపరచి పంపాలి. మ్యాట్ కాగితం చూపుకు హుందాగా ఉంటుంది కాని, ముదురు నీలం మీద వేలిముద్రలు పడి నెల తిరక్కుండానే ప్రతి పాతదైపోతుంది. పైన పలుచని వార్నిష్ వేయించడం మంచిది.

రంగు గురించి మరో మాట. నీటిలో మొదటి పది మీటర్లలోపే ఎరుపు దాదాపు మాయమవుతుంది. దానిని కంప్యూటరులో తిరిగి రప్పించి, 40 మీటర్ల లోతులో డైవర్ ముఖాన్ని ఒడ్డున ఉన్నంత ఎర్రగా చూపించే చిత్రాలు ఇప్పుడు ఎక్కువయ్యాయి. డైవర్ కంటికి అక్కడ కనిపించేది ఆ రంగు కాదు. అచ్చులో కూడా నీటి రంగును నీటి రంగుగానే ఉంచాలని మా అభిప్రాయం. ఇందులో మీరు మాతో విభేదించవచ్చు.

ప్రశ్న: నేను వైద్యురాలిని. ఊపిరి బిగబట్టడం నేర్పే వ్యాసాలు పిల్లల చేతికి అందితే, ఈత కొలనుల్లో ప్రాణాలు పోతాయి. ఇటువంటి పత్రికను అసలు ప్రోత్సహించవచ్చునా? — ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ ఆందోళన నూటికి నూరుపాళ్లు సరైనది. ప్రచురించాలనుకునేవారు ఈ జవాబును ఒకటికి రెండుసార్లు చదవాలని కోరుతున్నాము.

మునిగే ముందు గబగబా లోతుగా చాలాసార్లు శ్వాస తీస్తే ఎక్కువసేపు ఉండవచ్చుననే నమ్మకం కుర్రవాళ్లలో విరివిగా ఉంది. అలా చేస్తే రక్తంలో ప్రాణవాయువు చెప్పుకోదగినంత పెరగదు. తగ్గేది బొగ్గుపులుసు వాయువు. ఊపిరి తీసుకోవాలనే తపనను పుట్టించేది ఆ వాయువే కనుక, తపన పుట్టకముందే ప్రాణవాయువు అయిపోయి, ఏ హెచ్చరికా లేకుండా స్పృహ తప్పుతుంది. సముద్రంలో దీనికి మరో ప్రమాదం తోడవుతుంది. పది మీటర్ల లోతులో ఒత్తిడి ఉపరితలానికి రెట్టింపు. పైకి వచ్చే చివరి పది మీటర్లలో అది సగానికి పడిపోతుంది. దానితో పాటే ఊపిరితిత్తులలో ప్రాణవాయువు పాక్షిక పీడనమూ, అంటే ఆ వాయువు వంతు ఒత్తిడీ, పడిపోతుంది. అందుకే స్పృహ కోల్పోవడం ఎక్కువగా అడుగున కాదు, పైకి చేరుతున్నప్పుడో చేరిన వెంటనేనో జరుగుతుంది. పక్కన శిక్షణ పొందిన తోడు ఉంటే ముఖాన్ని నీటిపైకి ఎత్తి పట్టి, కొన్ని క్షణాల్లో తెలివి తెప్పించగలరు. ఒంటరిగా ఉంటే అది మరణమే. అందుకే పోటీలలో పైకి వచ్చిన డైవర్ 15 సెకన్లలోపు ముఖం మీది పరికరాలు తీసి, చేతితో సైగ చేసి, బాగున్నానని నోటితో చెప్పితేనే ఆ డైవ్ చెల్లుతుంది.

అనుభవం కూడా కవచం కాదు. పదుల సంఖ్యలో ప్రపంచ రికార్డులున్న రష్యా డైవర్ నతాలియా మొల్చనోవా 2015 ఆగస్టులో స్పెయిన్‌లోని ఫోర్మెంటెరా దీవి దగ్గర, పోటీ కాని మామూలు డైవ్‌లో కనిపించకుండా పోయింది. 2013 నవంబరులో డీన్స్ బ్లూ హోల్‌లో జరిగిన పోటీలో అమెరికా డైవర్ నికొలస్ మెవోలి ఫిన్స్ లేకుండా 72 మీటర్లకు దిగి, తనంతట తానే పైకి వచ్చాక మరణించాడు. ఒత్తిడి వల్ల ఊపిరితిత్తులకు కలిగే గాయాన్ని ఆ తరువాతే ఈ రంగంలో మరింత తీవ్రంగా పట్టించుకోవడం మొదలైంది.

అయినా పత్రిక వద్దని మేము అనము. ప్రమాదకరమైన సగం జ్ఞానం ఇప్పటికే వీడియోల రూపంలో ఊరూరా తిరుగుతోంది. దానికి విరుగుడు పూర్తి జ్ఞానమే. కాని కొన్ని నియమాలు ఉండాలి. ఇంటర్నెట్‌లో తప్పు రాస్తే ఆ క్షణానే దిద్దవచ్చు. ఏడాదికొకసారి వచ్చే పత్రికలో తప్పు అచ్చయితే ఏడాదిపాటు అది తప్పుగానే జనం చేతుల్లో ఉంటుంది. కాబట్టి శరీరధర్మాన్ని గురించిన ప్రతి వ్యాసాన్నీ ఒక వైద్యుడు, ఒక గుర్తింపు పొందిన శిక్షకుడు చదివి సంతకం చేశాకే ప్రెస్సుకు పంపాలి. ఇన్ని నిమిషాలు బిగబట్టు, ఇన్ని నిమిషాలు విడువు అనే సాధన పట్టికలను అసలు ప్రచురించకూడదు. అవి గురువు ఎదురుగా నేర్వవలసినవి. ప్రమాదాల నివేదికలకు ప్రతి సంచికలో నికరంగా కొన్ని పుటలు కేటాయించాలి. మీవంటి వైద్యులు సలహామండలిలో ఉండటానికి ఒప్పుకుంటే, పత్రిక తెచ్చేవారికి అంతకంటే మేలు లేదు.

ప్రశ్న: ఈ పత్రికను తెలుగులోనే ఎందుకు తేకూడదు? మనకు ఇంత పొడవైన తీరముంది కదా? — ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: తీరం పొడవైనదే గాని, గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రువల్ల మన తీరజలాలు ఏడాదిలో చాలాకాలం మసకగా ఉంటాయి. విశాఖ దగ్గర రాతిదిబ్బలున్నచోట్ల డైవింగ్ జరుగుతున్నా, అది అండమాన్, లక్షద్వీపాలతో పోల్చదగినది కాదు. తెలుగులో ఈ క్రీడను అనుసరించేవారి సంఖ్యతో ఒక వార్షిక సంచిక నిలబడదు. తెలుగులో విడిగా పత్రిక కంటే, ప్రమాదాలను, శరీరధర్మాన్ని తేలికగా వివరించే ఒక చిన్న పుస్తకం ఎక్కువ అవసరం. దానికి సహజమైన పాఠకులు కూడా ఉన్నారు. అండమాన్‌లో స్థిరపడిన తెలుగువారు గణనీయంగా ఉన్నారు. వారిలో శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలనుంచి వెళ్లిన మత్స్యకార కుటుంబాలు అనేకం. అక్కడి కుర్రవాళ్లు డైవింగ్ పడవల మీద పని నేర్చుకోవాలంటే చేతిలో ఆంగ్ల పాఠ్యపుస్తకమే ఉంటోంది.

ప్రశ్న: మీరు చెప్పినట్లు ఏడాదికి ఒక సంచికే వేస్తే రిజిస్ట్రేషను, తపాలా రాయితీల సంగతి ఏమిటి? — విశాఖపట్నం పాఠకుడే, రెండో ఉత్తరంలో

జవాబు: పత్రికల నమోదు ఇప్పుడు 2023 నాటి చట్టం కింద, 2024 మార్చి 1 నుంచి ప్రెస్ సేవా పోర్టల్ ద్వారా జరుగుతోంది; 1867 నాటి పాత చట్టం పోయింది. కొత్త చట్టం ప్రకారం క్రమమైన వ్యవధిలో వెలువడుతూ ప్రజావార్తలు గాని వాటిపై వ్యాఖ్యలు గాని ప్రచురించేది పత్రిక. పుస్తకాలు ఆ నిర్వచనంలోకి రావు. మీ సంచికను వార్తలు లేని పుస్తకంగా, ఐఎస్‌బీఎన్ అనే పుస్తక గుర్తింపు సంఖ్యతో తెచ్చుకోవడం మీకు తేలిక. మన దేశంలో ఆ సంఖ్యను రాజా రామమోహన్ రాయ్ పేరిట ఉన్న జాతీయ సంస్థ ఉచితంగా ఇస్తుంది.

తపాలాలో పత్రికలకిచ్చే రాయితీ తరచుగా వెలువడేవాటి కోసం ఏర్పడినది. వార్షిక సంచికకు అది అందదు. 2025 మే 1న తపాలాశాఖ ప్రారంభించిన జ్ఞాన్ పోస్ట్ అనే సేవ పుస్తకాల కోసమే ఉద్దేశించినది, చౌక కూడా. కాని క్రమవ్యవధిలో వచ్చే ప్రచురణలకు, వ్యాపార ప్రకటనలున్నవాటికి అది వర్తించదు. ప్రకటనలు లేకుండా తెస్తే దానికి అర్హత ఉంటుందేమో మీ పోస్టాఫీసులో నమూనా ప్రతి చూపించి ముందే అడగండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది గనుక, పాత ధరలు గుర్తుంచుకుని చందా నిర్ణయించవద్దు. విదేశీ చందాదారుల తపాలా ఖర్చు ఒక్కోసారి పత్రిక ధరనే మించుతుంది. దానిని విడిగా వసూలు చేయండి. ముందుగా తీసుకున్న చందా డబ్బును వేరే ఖాతాలో ఉంచి, ప్రెస్సుకు చెల్లించవలసిన రోజుదాకా ముట్టుకోకండి. అనుకున్నన్ని చందాలు రాకపోతే ఫలానా తేదీకల్లా డబ్బు వాపసు చేస్తామని ప్రకటనలోనే రాయండి.